కారు కూలెంట్ రంగు చూసి కొనొచ్చా?

పాత కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఆకుపచ్చ రంగైతే ఏ ఆకుపచ్చ కూలెంటైనా పోయొచ్చని ఒంగోలులో షాపువాళ్లు చెప్పారు, నిజమేనా అని ఒకరు అడిగారు. కాదండీ. రంగు ఆ కంపెనీ కలిపే డై మాత్రమే. ఓనర్స్ మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ చూసి కొనండి. తుప్పు పట్టకుండా పాత రకంలో సిలికేట్లు, కొత్త రకంలో ఆర్గానిక్ ఆమ్లాలు కలుపుతారు. రెండూ కలిస్తే తుప్పు ఆపే శక్తి తగ్గుతుంది. ఒక్కోసారి జిగురులా మారి రేడియేటర్‌లోని సన్నని గొట్టాలు పూడుకుపోతాయి. పాతది ఏ రకమో తెలియకపోతే మొత్తం తీసేసి, లోపల కడిగించాకే కొత్తది పోయించండి.

కాన్సంట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్) అయితే సాధారణంగా సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. ముందే నీళ్లు కలిపి అమ్మే రెడీమిక్స్‌లో మళ్లీ నీళ్లు కలపకూడదు. బోరునీళ్లు మాత్రం దయచేసి వద్దు, లోపల గార కడుతుంది. మనకు చలి లేదు కదా, ఉత్తి నీళ్లు చాలనుకోకండి. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ నీళ్లు చలికి గడ్డకట్టకుండా చూడటమే కాదు, దానివల్ల నీళ్లు మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది, మన ఎండలకు అదే కావాలి.