షూటింగ్‌లో చనిపోయిన గుర్రం, పాత తేదీ స్టాంపు కాగితం

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ దగ్గరి పల్లె. పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని కిరాయికి ఇచ్చి బతుకుతాను. మార్చి రెండో వారంలో కోయిలకొండ దగ్గర సినిమా షూటింగ్ అంటే, పెళ్లి సీనులో నిలబెట్టటానికి మాట్లాడుకుని, ఫోన్‌పేలో బయానా తీసుకుని ఇచ్చాను. నేను అన్నానికి పోయినప్పుడు వాళ్ల ఫైటర్ దాన్ని రాళ్ల బాట మీద ఉరికించగా ముందుకాలు విరిగి, మరునాడు చనిపోయింది. అదే రోజు పొలంలో పూడ్చాము. కన్నబిడ్డలా సాదుకున్న జీవం. రెండున్నర నెలలు తిప్పుకుని, ఇప్పుడు మేనేజర్ పాత తేదీ స్టాంపు కాగితం మీద సంతకం పెడితే లక్ష ఇస్తామంటున్నాడు. తీసుకోవాలా, పోలీసు కేసు పెట్టాలా?

జవాబు: మీ లేఖలో కేసును తేల్చే వాక్యం ఒక్కటే ఉంది. నిలబెట్టటానికని ఇచ్చిన గుర్రాన్ని, మీరు లేనప్పుడు, వాళ్ల మనిషి కళ్లెం పట్టి ఉరికించాడన్నదే అది. కిరాయికి తీసుకున్న సొత్తును ఒప్పుకున్న పనికి కాక మరో పనికి వాడి నష్టం కలిగిస్తే పరిహారం చెల్లించవలసిందేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 154వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి తాము జాగ్రత్తగానే ఉన్నామని, గుర్రమే కాలు జారిందని వారు ఎంత చెప్పినా ఆ వాదన నిలవదు. అయితే గుర్రాన్ని ఏ పనికి ఇచ్చారు, ఆ సమయంలో అది ఎవరి అధీనంలో ఉంది అన్న రెండు సంగతులనూ రుజువు చేయవలసింది మీరు. మీరు అక్కడే ఉండి ఉరికించనిచ్చారని వారు చూపించగలిగితే ఈ సెక్షన్ మీకు అక్కరకు రాదు.

పోస్టుమార్టం లేకుండా పూడ్చటం మీరు చేసిన పెద్ద పొరపాటు. ప్రభుత్వ పశువైద్యుడి నివేదిక ఒక్క కాగితం ఉంటే, గుర్రం దేనివల్ల చనిపోయిందన్న వాదన మొదటి రోజే ముగిసేది. ఇప్పుడు మిగిలినవి కట్టు కట్టిన డాక్టరు రాసిన చీటీ, పశువుల ఆసుపత్రి రిజిస్టరులోని నమోదు, అక్కడ చూసిన జూనియర్ ఆర్టిస్టుల సాక్ష్యం. మేనేజర్‌తో నడిచిన వాట్సాప్ సందేశాలలో ఎక్కడైనా “పెళ్లి సీను” అన్న మాట ఉంటే, రాతపూర్వక ఒప్పందం లేని మీకు అదే ఒప్పంద పత్రం. ఆ ఫోన్‌ను అమ్మకండి, రీసెట్ చేయకండి. ఆ సందేశాలను కోర్టులో దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. ఉత్త స్క్రీన్‌షాట్ ప్రింట్లు తెచ్చి సాక్ష్యం ఉందనుకునే వారిని నేను రోజూ చూస్తున్నాను.

ఇక క్రిమినల్ కేసు సంగతి. జంతు హింస నివారణ చట్టం, 1960 కింద నేరం జరిగిన మూడు నెలలలోపే ప్రాసిక్యూషన్ మొదలుకావాలి. మీకు మిగిలింది జూన్ రెండో వారం వరకే. స్టేషన్‌లో అర్జీ ఇచ్చి రసీదు జేబులో పెట్టుకోవటం చాలదు, గడువులోగా మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు దాఖలు చేయటమే క్షేమం. కానీ హింస నేరానికి మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలే. పైగా తగిన పర్యవేక్షణ చూపని యజమానిని కూడా అదే 11వ సెక్షన్ నేరస్తుడిగా పరిగణిస్తుంది. సినిమాలో వాడే జంతువుకు రిజిస్ట్రేషన్ ఉండాలని, లాడాలు లేని గుర్రాన్ని గట్టి నేల మీద నడిపించరాదని 2001 నాటి ప్రదర్శన జంతువుల నిబంధనలు అంటున్నాయి. మీ గుర్రానికి ఆ రెండూ ఉన్నాయో లేదో మీరు రాయలేదు. లేకపోతే మీరు పెట్టిన కేసులో మీరే ముద్దాయి కావచ్చు. జంతువును చంపటం, కుంటిదాన్ని చేయటం నేరమనే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో ఐదేళ్ల వరకు శిక్ష ఉన్నా, నష్టం చేయాలన్న ఉద్దేశం గానీ, జరుగుతుందన్న ఎరుక గానీ రుజువు కావాలి.

ఆ స్టాంపు కాగితం మీద మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ సంతకం పెట్టవద్దు. జంతువులు కనిపించే సినిమాకు భారత జంతు సంక్షేమ మండలి అనుమతి పత్రం లేనిదే సెన్సారు దగ్గర పని జరగదు, అందుకే రెండున్నర నెలల తరువాత వారికి మీరు గుర్తుకొచ్చారు. ఉరికించటానికి మీరు ముందే ఒప్పుకున్నారని అందులో రాస్తే, మీ 154వ సెక్షన్ హక్కును మీ చేతులతో మీరే చెరిపేసుకున్నట్లు, దానికితోడు దొంగ పత్రంలో భాగస్వాములు అవుతారు. అలాగే గుర్రాన్ని ఉరికించిన వీడియో ఏదైనా ఉంటే దాన్ని బయటపెడతానని బెదిరించి డబ్బు అడగవద్దు, అది బలవంతపు వసూలు నేరం కిందికి వస్తుంది.

చేయవలసింది ఇది. ఈ వారంలోనే న్యాయవాది ద్వారా నిర్మాణ సంస్థకు నోటీసు ఇప్పించండి. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉన్న జంతు సంక్షేమ మండలికి జరిగింది రాతపూర్వకంగా తెలపండి, డబ్బు ప్రస్తావన లేకుండా. ఈ షూటింగ్‌కు ముందస్తు దరఖాస్తు చేశారా, అందులో గుర్రంతో ఏ పని చేయిస్తామని రాశారు అని సమాచార హక్కు కింద అదే మండలిని అడగండి. “నిలబెట్టటం” అని రాసి ఉంటే మీ కేసు సగం గెలిచినట్లే. ఆపై మహబూబ్‌నగర్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ అర్జీ, అంటే దావా వేయకముందే రాజీ కోసం ఇచ్చే అర్జీ, పెట్టండి. అక్కడ కోర్టు ఫీజు ఉండదు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం. కుదరకపోతే సివిల్ దావా వేయండి. గుర్రం గాయపడిన రోజు నుంచి మూడేళ్ల గడువుంది, నష్టం ఇక్కడే జరిగింది కనుక హైదరాబాదుకు తిరగనక్కర్లేదు. గుర్రాన్ని కొన్న రసీదుతో పాటు, బరాత్ బయానాలు రాసుకున్న నోటుబుక్కు కూడా మీ న్యాయవాదికి ఇవ్వండి. కోల్పోయిన సంపాదనను లెక్కగట్టేది దాని నుంచే.