పదిహేనేళ్ల పిచర్‌కి వేసవి టీమ్: డబ్బు కట్టే ముందు ఏం అడగాలి?

ప్రశ్న: మేం అట్లాంటా దగ్గర ఆల్ఫారెట్టాలో ఉంటాం. మా అబ్బాయికి పదిహేనేళ్లు. తొమ్మిదో తరగతి అయిపోయింది. బేస్‌బాల్‌లో పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. వేసవికి ఒక ట్రావెల్ టీమ్ (స్కూల్‌తో సంబంధం లేకుండా ఊళ్లు తిరిగి టోర్నమెంట్లు ఆడే ప్రైవేట్ టీమ్) వాళ్లు వేల డాలర్లు అడుగుతున్నారు. ప్రతి వారాంతం టోర్నమెంటేనట, కాలేజీ కోచ్‌ల కంట్లో పడతాడట. స్కాలర్‌షిప్ వస్తుందా? కట్టమంటారా?

జవాబు: ముందు ఆ కోచ్‌ని ఒక్కటి అడగండి. బాబు ఎన్ని బంతులు వేశాడో ఎవరు లెక్క రాస్తారు? తడుముకోకుండా చెబితేనే డబ్బు మాట ఎత్తండి.

మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి పెట్టిన పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 15, 16 ఏళ్ల పిల్లలు రోజుకి 95 బంతులు దాటకూడదు. 46 నుంచి 60 వేస్తే రెండు రోజులు, 76 లేదా అంతకు మించితే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. అంటే శనివారం పొద్దున 50 వేసిన పిల్లాడు ఆదివారం సెమీఫైనల్లో పిచింగ్ చేయకూడదు. సరిగ్గా అప్పుడే "రెండే ఇన్నింగ్స్, సర్దుకుంటాడు" అంటారు. లేదంటే క్యాచర్‌గా, అంటే పిచర్ వేసే బంతుల్ని పట్టి తిరిగి విసిరేవాడిగా, నిలబెడతారు. ఆ చేతికి అదీ శ్రమే. మోచేతి లిగమెంట్ తెగి టామీ జాన్ సర్జరీ దాకా వెళ్తే పిచర్ మళ్లీ పోటీలోకి రావడానికి సాధారణంగా ఏడాది పైనే పడుతుంది. ఏటా కనీసం నాలుగు నెలలు పోటీ పిచింగ్ ఆపాలన్నది కూడా ఆ సూచనల్లోదే. స్కూల్ సీజన్, వేసవి, ఫాల్ బాల్ (శరదృతువులో ఆడే మ్యాచ్‌లు) అన్నీ ఆడేస్తే ఆ నాలుగు నెలలు ఎక్కడినుంచి వస్తాయో క్యాలెండర్ ముందేసుకుని చూడండి.

కోచ్‌ల కంట్లో పడడానికి ఇప్పుడే తొందర లేదు. 11వ తరగతికి ముందొచ్చే ఆగస్టు 1 దాకా డివిజన్ 1 (అమెరికా కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి) కోచ్‌లు బాబుతో రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు. అందుకే ఈ వేసవి నేర్చుకోవడానికి, వచ్చే వేసవి కనబడడానికి. దగ్గర్లోనే ఆడుతూ వారం మధ్యలో ప్రాక్టీస్ పెట్టే టీమ్ ఉంటే, పేరు చిన్నదైనా నేను దానికే ఓటేస్తాను.

స్కాలర్‌షిప్ మీద మాత్రం ఆశ తగ్గించుకోండి. చాలా ఏళ్లు ఒక డివిజన్ 1 టీమ్ మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి. వాటినే 27 మంది దాకా పంచేవారు. 2025-26 నుంచి కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వడానికి వీలిచ్చిన కొత్త కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, టీమ్‌లో 34 మందికి మించకూడదన్న నియమం వచ్చింది. అయితే అందరికీ పూర్తి ఫీజు ఇచ్చే స్తోమత అన్ని కాలేజీలకీ ఉండదు. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్పే లేదు, అక్కడ సాయం మార్కులని బట్టి, ఇంటి ఆదాయాన్ని బట్టి వస్తుంది. మీకు సిటిజన్‌షిప్ గానీ గ్రీన్‌కార్డ్ గానీ ఉంటే జార్జియా రాష్ట్రం ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్ కూడా చూడండి. దానికి 3.0 జీపీఏ కావాలి. బేస్‌బాల్ ఇచ్చేదానికన్నా అదే నమ్మకమైన డబ్బు.

డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు) కావాలి, అందులో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. స్కూల్ కౌన్సెలర్‌తో ఆ జాబితా ఇప్పుడే సరిచూసుకోండి. కోచ్‌లకి ఈమెయిల్ మాత్రం బాబే రాయాలి, మీరు కాదు. నాలుగు వాక్యాలు, చిన్న పిచింగ్ వీడియో, మార్కులు, మ్యాచ్‌ల తేదీలు ఉంటే చాలు.