గ్యాప్ సంగతి తర్వాత, ముందు ఆ 14 నెలలు రాయండి

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయి మెకానికల్ బీటెక్ 2020లో అవ్వాల్సింది, రెండు బ్యాక్‌లాగ్‌లు ఉండిపోయి 2021లో అయింది. ఆ ఆగస్టు నుంచి 14 నెలలు పరవాడ ఫార్మాసిటీలో కాంట్రాక్టరు కింద మెయింటెనెన్స్‌లో చేశాడు. మానేసి ద్వారకానగర్‌లో గ్రూప్-2 కోచింగ్‌కి వెళ్లాడు. ప్రిలిమ్స్ దాటాడు గానీ మెయిన్స్‌లో పోయింది. తర్వాత నాలుగు నెలలు కాల్‌సెంటర్. ఇప్పుడు ప్లాంట్ ఉద్యోగాలకు ఎన్ని పెట్టినా పిలుపు రావట్లేదు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఒకటి కొనేయమని స్నేహితులు అంటున్నారట. రెజ్యూమె జత చేశాను. ఏం చేయమంటారు?

జవాబు: సర్టిఫికెట్ కొనొద్దండి. కాగితం కొనగలరు గానీ పీఎఫ్ జమలు కొనలేరు. ఆఫర్ ఇచ్చేటప్పుడు హెచ్ఆర్ వాళ్లు యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) సర్వీస్ హిస్టరీ అడుగుతారు. ఎక్కడ ఎప్పుడు చేరాడో, ఎప్పుడు మానేశాడో అందులో తేదీలతో సహా ఉంటుంది. దొంగ సర్టిఫికెట్ సంగతి చేరాక బయటపడినా ఉద్యోగం పోతుంది.

మీరు పంపిన రెజ్యూమె చూస్తే, పిలుపు రాకపోవడానికి ఉద్యోగం లేని గ్యాప్ కన్నా పెద్ద కారణం వేరే ఉంది. పరవాడ పనికి ఒక్కటే లైను: ‘మెయింటెనెన్స్ ట్రైనీగా పనిచేశాను’. అబ్జెక్టివ్, హాబీలు, తండ్రి పేరు, డిక్లరేషన్ మాత్రం అరపేజీ తినేశాయి. ఆ అరపేజీ తీసేసి ఆ చోటంతా 14 నెలలకు ఇవ్వండి. అబ్బాయిని కూర్చోబెట్టి అడగండి: ఎన్ని రియాక్టర్లు చూశావు? గ్లాస్ లైన్డా (లోపల గాజు పూత ఉన్నవా), స్టీలా? మెకానికల్ సీల్ నువ్వే మార్చావా, పక్కన నిలబడ్డావా? సెంట్రిఫ్యూజ్, పంపుల అలైన్‌మెంట్ చేశావా? హాట్ వర్క్ పర్మిట్ (వెల్డింగ్ లాంటి నిప్పు పనులకు అనుమతి పత్రం) ఎవరు రాసేవారు? స్పేర్లు కావాలని ఇండెంట్ పెట్టావా? జవాబులు ఇలా లైన్లవుతాయి: ‘12 గ్లాస్ లైన్డ్ రియాక్టర్లు, 4 సెంట్రిఫ్యూజ్‌లకు నెలవారీ ప్రివెంటివ్ మెయింటెనెన్స్; గేర్‌బాక్స్ ఆయిల్ మార్పు, సీల్ లీకేజీల పరిశీలన; బ్రేక్‌డౌన్ రిజిస్టర్ నిర్వహణ’. అంకెలు అతనివే ఉండాలి. పక్కన నిలబడి చూసిన పనికి ‘సహాయం’ అనే రాయాలి, ఇంటర్వ్యూలో మెయింటెనెన్స్ మేనేజర్ రెండో ప్రశ్నకే పట్టేస్తాడు.

కాంట్రాక్టు పని చేసినవాళ్లు ఎక్కువగా తప్పు చేసే చోటు ఒకటుంది. పెద్ద కంపెనీ పేరు బాగుంటుందని దాన్నే యజమానిగా రాసేస్తారు. వెరిఫికేషన్‌లో ఆ కంపెనీ ‘మా రోల్స్‌లో ఈ పేరు లేదు’ అంటుంది, నిజంగా చేసిన పని కూడా అబద్ధమైపోతుంది. ముందు పీఎఫ్ కట్టిన కాంట్రాక్టరు సంస్థ పేరు రాసి, కిందే ‘పని చేసిన చోటు: ఫలానా ప్లాంట్, పరవాడ’ అని పెట్టండి. సర్వీస్ సర్టిఫికెట్ అడిగితే ఇవ్వకపోతే పీఎఫ్ పాస్‌బుక్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, వేజ్ స్లిప్పులు, పాత గేట్‌పాస్ దగ్గర పెట్టుకోండి.

ఈ వారమే పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరవండి. మానేసిన తేదీ కాంట్రాక్టరు ఎక్కించకపోతే అక్కడ ఇంకా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. చివరి జమ పడి రెండు నెలలు దాటితే ‘మార్క్ ఎగ్జిట్’లో ఆధార్ ఓటీపీతో అబ్బాయే ఎక్కించుకోవచ్చు. తేదీ సరిచూసుకుని ఎక్కించాలి, తర్వాత మార్చుకోవడం తలనొప్పి.

ఇక గ్యాప్. ఒక్క లైను చాలు: ‘2022 అక్టోబరు – 2025 ఫిబ్రవరి: ఏపీపీఎస్సీ గ్రూప్-2 ప్రిపరేషన్, ప్రిలిమ్స్‌లో అర్హత’. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగాయి. రెండు హాల్‌టికెట్లూ దాచి ఉంచండి. ‘2021–2022’ అని సంవత్సరాలే వేసి 14 నెలల్ని రెండేళ్లలా చూపించే చిట్కా హెచ్ఆర్‌కి కొత్త కాదు. నెలలతో సహా రాయండి, నౌకరీ వెబ్‌సైట్ ప్రొఫైల్‌లోనూ అవే తేదీలు ఉండాలి. తేదీలన్నీ తీసేసి స్కిల్స్ మాత్రమే పెట్టే నమూనా మరీ అనుమానం తెస్తుంది.

ప్లాంట్ వాళ్ల అసలు భయం గ్యాప్ కాదు, మళ్లీ నోటిఫికేషన్ పడితే వెళ్లిపోతాడేమోనని. దానికి సమాధానం రెజ్యూమెలో పట్టదు, ఇంటర్వ్యూలో నోటితో చెప్పాలి. నిజంగా ఇంకా రాయాలనుకుంటే ముందు ఇంట్లో తేల్చుకోండి.

కాల్‌సెంటర్‌కి పీఎఫ్ కట్టి ఉంటే ఒక లైనులో రాసేయండి. కట్టకపోతే రెజ్యూమెలో వదిలేయొచ్చు. కానీ కంపెనీ ఇచ్చే దరఖాస్తులో ‘గత ఉద్యోగాలన్నీ’ అని అడిగితే అక్కడ తప్పక రాయాలి. రెజ్యూమెలో ఏం చెప్పాలో మన ఇష్టం, దరఖాస్తు మాత్రం సంతకం పెట్టిన వాంగ్మూలం. బ్యాక్‌లాగ్‌లకూ ఇదే లెక్క: పాసైన సంవత్సరం 2021 అని రాస్తే చాలు, అడిగితే దాచొద్దు. యూనివర్సిటీ పేరు మెమోలో ఉన్నట్టే రాయాలి. కాకినాడ జేఎన్‌టీయూ మెమో అయితే, విజయనగరం జేఎన్‌టీయూ 2022లో విడిగా వచ్చింది కదా అని మార్చొద్దు.

చిరునామాకి ‘గాజువాక, విశాఖపట్నం’ చాలు. పరవాడ, అచ్యుతాపురం షిఫ్టులకు దగ్గరలో ఉండటం కూడా ఒక అర్హతే.

కాల్‌సెంటర్ మానేసిన తర్వాతి ఖాళీయే నాకు ఎక్కువ ఇబ్బందిగా కనిపిస్తోంది, అది ఇంకా పెరుగుతోంది కాబట్టి. పాత కాంట్రాక్టరుకే ఫోన్ చేసి షట్‌డౌన్ పనులేమైనా (ప్లాంట్ ఆపి చేసే మరమ్మతులు) ఉన్నాయేమో అడగమనండి. మూడు నాలుగు వారాల పనైనా పరవాలేదు, రెజ్యూమెలో పైలైనుకి తాజా తేదీ వస్తుంది. పీఎఫ్ కడతారో లేదో చేరకముందే అడగమనండి.