ముగ్గురు తోబుట్టువుల బ్యాండ్: ముందు లెక్క రాసుకోండి

"మేం ముగ్గురం తోబుట్టువులం, సొంత పాటలు చేస్తున్నాం. చిన్న ఊళ్లో ఉండి దీన్నే కెరీర్ చేసుకోవచ్చా? మా మధ్య గొడవలు రాకుండా ఉండాలంటే ఏం చేయాలి?" అని అడిగారు.

చేసుకోవచ్చు. మేం కాజీపేటలో ఉండే చేస్తున్నాం. నేను కీబోర్డ్, తమ్ముడు గిటార్, చెల్లె పాడుతుంది. గొడవల గురించి మాత్రం భయపడకండి, అవి వస్తాయి, అన్నం టైముకి పోతాయి. బ్యాండ్‌ని లోపల నుంచి తినేసేది పైసల లెక్క. అది కూడా ముగ్గురిలో అందరికన్నా చిన్నవాళ్ల దగ్గరే మొదలవుతుంది.

2019 ఫిబ్రవరిలో కరీంనగర్‌లో ఒక రిసెప్షన్‌కి పాడాం. చెల్లె అప్పుడు తొమ్మిదో తరగతి. రాత్రి పన్నెండు దాటేదాకా పాడించారు, భోజనాల దగ్గర మమ్మల్ని పిలిచినవాళ్లు లేరు, చివరికి పసుపు మరకలున్న కవర్లో పదిహేను వేలు పెట్టి ఇచ్చారు. తెల్లారి హన్మకొండ బస్సెక్కాం. మానకొండూరు దాటాక తమ్ముడు కవరు తీసి లెక్క మొదలుపెట్టాడు. బాక్సుల కిరాయి, ఆటో కలిపి మూడున్నర వేలు పక్కన పెట్టాడు. గిటార్ ఈఎంఐ ఉంది కాబట్టి తనకు ఆరు వేలు, నాకు ఐదు వేలు. మిగిలిన ఐదు వందల నోటు చెల్లె చేతిలో పెట్టి, "నీకెందుకే పైసలు, ఇంట్లనే ఉంటవ్ గదా" అన్నాడు. వాడి మాటలో చెడు లేదు, పండక్కి చిన్నపిల్లకి ఇచ్చినట్టే ఇచ్చాడు. నేనూ ఏమీ అనలేదు. ఆ ముందు రాత్రి మూడు గంటలు గొంతు చించుకున్నది అది, మేం కాదు.

హుజూరాబాద్ బస్టాండ్‌లో బస్సు ఆగితే చెల్లె దిగింది. మూడు పొట్లాల ఇడ్లీ, రెండు చాయ్‌లు తెచ్చింది. మా చేతుల్లో పెట్టి, మిగిలిన చిల్లర నోట్లు సాపు చేసి తమ్ముడి ఒళ్లో పెట్టి, "ఇగో అన్నా, నా లెక్క అయిపోయింది" అంది. హన్మకొండ వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. తర్వాత రెండు నెలలు పాడలేదు. పరీక్షలని అమ్మకు చెప్పింది. మేమూ అదే నమ్మాం, నమ్మితే తేలిక కాబట్టి.

ఆ రెండు నెలల్లో ఒకరోజు అమ్మ ఫోన్లో నేను ఏదో వెతుకుతుంటే చెల్లె రికార్డు చేసుకున్న ముక్కలు దొరికాయి. వెనక కుక్కర్ విజిల్, నల్లా నీళ్ల చప్పుడు, మధ్యలో అది తీసే కూనిరాగం. మా మొదటి సొంత పాట పల్లవి ట్యూన్ అందులో ఉంది! తమ్ముడు తనే కట్టానని అనుకుంటున్నాడు, నేనూ అదే అనుకున్నాను. ఇంట్లో వినీ వినీ అది మా నోట్లోకి వచ్చేసింది, ఎవరిదో మర్చిపోయాం. ఒకే ఇంట్లో పెరిగినవాళ్ల గొంతులు కలిస్తే వచ్చే తీపి ఇంకెవరికీ రాదని అంటారు, నిజమే, కానీ ఎవరి రాగం ఎవరిదో తెలియకుండా పోయేది కూడా ఆ ఇంట్లోనే.

ఆ రాత్రి తమ్ముడికి వినిపించాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు, లేచి వెళ్లి రెండు వందల పేజీల నోట్‌బుక్ తెచ్చాడు. అప్పటి నుంచి పాట అయిన రోజే అందులో రాస్తాం: మాట ఎవరిది, ట్యూన్ ఎవరిది, ఎంత వాటా, కింద మూడు సంతకాలు. పాట రాసినవాళ్లకి, ట్యూన్ కట్టినవాళ్లకి రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘం ఐపీఆర్ఎస్. అందులో పాట రిజిస్టర్ చేసేటప్పుడు ఎవరికి ఎంత శాతమో ఎలాగూ చెప్పాలి. 2012లో కాపీరైట్ చట్టం మారాక రాసినవాళ్లకి, ట్యూన్ కట్టినవాళ్లకి రాయల్టీలో వాటా గట్టి హక్కు అయింది. ఇంట్లో మనమే మన చెల్లెకి దాన్ని ఇవ్వకపోతే బయట కంపెనీని ఏ ముఖంతో అడుగుతాం?

ఇంకోటి, కవర్ పాటల మీద, అంటే వేరేవాళ్ల పాటలు మళ్లీ పాడి పెట్టడం మీద బతుకుదామని అనుకోకండి. యూట్యూబ్‌లో వ్యూస్ మీకు వస్తాయి, పాట మాదని క్లెయిమ్ పడితే యాడ్ డబ్బులు హక్కులున్న మ్యూజిక్ కంపెనీకి, అంటే లేబుల్‌కి పోతాయి. స్పాటిఫైలో అయితే 2024 నుంచి, ఒక పాట గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యి సార్లు వినబడకపోతే దానికి పైసా రాదు. అందుకే మా ఇంటి ఖర్చు ఇప్పటికీ పెళ్లిళ్లు, కాలేజీ ప్రోగ్రాముల మీదే నడుస్తుంది. అక్కడ నాకున్న బాధ ఒక్కటే, సొంత పాట ఎత్తుకోగానే ముందు వరుసలోంచి ఎవరో ఒకరు "డీజే పాట కొట్టుండ్రి" అని అరుస్తారు. పాట సగంలో ఆపించడం అన్నం పళ్లెం లాక్కోవడం లాంటిదని వాళ్లకెవరూ చెప్పలేదు. రికార్డింగ్ కూడా మా గదిలోనే, కిటికీలకు బొంతలు కట్టి, రైలుకీ రైలుకీ మధ్య దొరికిన సందులో. కాజీపేట జంక్షన్ పక్కన ఆ సందు ఎంతుంటుందో ఇక్కడివాళ్లకి తెలుసు.

తోబుట్టువుల బ్యాండ్‌లు నిలబడవని చెప్పేవాళ్ల మాట వినకండి. హాన్సన్ అని అమెరికాలో ముగ్గురు అన్నదమ్ములు, 1997లో లోకమంతా వాళ్ల పాట వింటున్నప్పుడు చిన్నవాడికి పదకొండేళ్లు. 2003లో సొంత లేబుల్ పెట్టుకున్నారు, ముగ్గురూ కలిసే కొనసాగారు. అంత దూరం ఎందుకు, మా దగ్గరి ఐనవోలు మల్లన్న జాతరకి వెళ్లి, దేవుడి కథలు పాడుతూ చెప్పే ఒగ్గు కథ చూడండి. డోలు, తాళం పట్టి వంత పాడేవాళ్లలో కథకుడి ఇంటివాళ్లు కూడా ఉంటారు. తరాలుగా నడుస్తున్న బ్యాండ్‌లు అవి.

మా చెల్లె ఇప్పుడు డిగ్రీ అయిపోయి, పాటల లెక్క, ప్రోగ్రాముల లెక్క మొత్తం తనే చూస్తుంది. ఈఎంఐ ఎవరికున్నా మూడు వాటాలూ సమానం.

మీ ముగ్గురిలో చిన్నవాళ్ల వయసెంతో మీరు రాయలేదు. పదేళ్లు నిండితే వాళ్లే సొంతంగా నడుపుకునేలా వాళ్ల పేరు మీద బ్యాంకు ఖాతా తెరవొచ్చు. వచ్చే ప్రోగ్రాం డబ్బులు రాకముందే తెరిచి, వాళ్ల వాటా నేరుగా అందులో వేయండి.