సమాధానం: మోకాలి నొప్పికి ముందు సీటు ఎత్తు చూసుకోండి

కొత్త రోడ్ సైకిల్ మీద పది కిలోమీటర్లు దాటగానే మోకాలి చిప్ప దగ్గర నొప్పెడుతోందన్నారు కదా, చాలాసార్లు సీటు కిందికి ఉండటం వల్లే అలా అవుతుంది. గోడ పట్టుకుని సైకిలెక్కి, మడమ పెడల్ మీద ఆనించి పూర్తిగా కిందికి తిప్పండి. కాలు నిటారుగా రావాలి, నడుము మాత్రం పక్కకి ఒరగకూడదు. రాకపోతే 5 మిల్లీమీటర్ల చొప్పున పెంచుతూ, పెంచిన ప్రతిసారీ ఒక చిన్న రైడ్ చేసి చూడండి. సీటు గొట్టం మీద గరిష్ఠ ఎత్తు గీత ఉంటుంది, అది బయటికి కనిపించేదాకా లాగొద్దు, ప్రమాదం.

ఇంకోటి, పెద్ద గేర్‌లో బలమంతా పెట్టి తొక్కకండి. తేలిక గేర్‌లో నిమిషానికి 80 సార్లు పెడల్ తిరిగేలా తొక్కితే మోకాలి మీద భారం బాగా తగ్గుతుంది. మొదట్లో కాళ్లు ఊరికే తిరుగుతున్నట్టుంటుంది, టెన్షన్ పడకండి, అలవాటైపోతుంది. వాపు కనిపిస్తే మాత్రం ఆపేసి డాక్టర్‌కి చూపించండి.