బేతాళుడా, భేతాళుడా, వేతాళుడా?

సందేహం: మా అబ్బాయి ఐదో తరగతి. సొంతంగా ఒక కథ రాసి, అందులో ‘భేతాళుడు’ అని రాశాడు. వాళ్ళ టీచరు ఒత్తు కొట్టేసి ‘బేతాళుడు’ అని దిద్దారు. మా మామగారేమో రెండూ కాదు, ‘వేతాళుడు’ అనాలంటారు. ఇంట్లో చిన్న పంచాయితీ నడుస్తోంది. ఏది ఒప్పు? అసలీ బేతాళుడు ఎక్కణ్ణించి వచ్చాడు?

సమాధానం: మీ మామగారు చెప్పిందీ ఒప్పే, టీచరుగారు దిద్దిందీ ఒప్పే. ఒత్తు పెట్టిన మీవాడిదే పొరపాటు. అలాగని వాణ్ణి ఏమీ అనకండి. పుస్తకాల అట్టల మీద, పత్రికల హెడ్డింగుల్లో ఆ ఒత్తు పెట్టే పెద్దవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వాడు వాళ్ళను చూసే నేర్చుకుని ఉంటాడు.

సంస్కృతంలో ఈ మాట ‘వేతాల’. శవంలో దూరి దాన్ని ఆడించే ఒక రకం భూతమని అర్థం. దక్షిణాదికి వచ్చేసరికి ఇందులోని ‘ల’ కాస్తా ‘ళ’ అయింది. మంగల మంగళమైనట్టు, కలా కళ అయినట్టు, ఇది వేతాళ అయింది. దానికి మన డు చేరిస్తే వేతాళుడు. మీ మామగారి మాట ఇదీ, తత్సమం.

ఇక ‘వ’ పోయి ‘బ’ రావడం గురించి. దీనికి చాలా పాత చరిత్ర ఉంది. ‘బవయోరభేదః’ (బ, వలకు భేదం లేదు) అని పండితులు ఊరికే అనలేదు. వ్యవహారి మన నోట బేహారి అయ్యాడు. రోజూ కూరగాయల దగ్గర మనమాడే బేరం కూడా ఆ కుదురులోదే. వృషభం నుంచి బసవడు వచ్చాడు. కన్నడంలోనైతే అచ్చమైన దేశి మాటలకే ఈ మార్పు ఉంది: మన వెన్న వాళ్ళకు బెణ్ణె, మన వేరు వాళ్ళకు బేరు, మన వెండి వాళ్ళకు బెళ్ళి. వాళ్ళూ బేతాళ అనే అంటారు. హిందీలో బేతాల్, బైతాల్ రెండూ ఉన్నాయి. మరాఠీవాళ్ళు మాత్రం వేతాళ్ అంటారు. పుణెలో ఒక కొండ పేరు వేతాళ్ టేకడీ. కొంకణ తీరంలో ఆరవలి అనే ఊళ్ళో ఆయన వేతోబా పేరుతో గుడిలో దేవుడుగా ఉన్నాడు. భక్తులు పెద్ద పెద్ద తోలు చెప్పులు, అరటి గెలలు మొక్కుగా చెల్లిస్తారు. కాస్త కిందికి దిగి గోవాలో అడుగుపెడితే అదే దేవుడు బేతాళ్ అయిపోతాడు. కాబట్టి ‘బేతాళుడు’ ఎవరో నోరు తిరక్క పలికిన మాట కాదు, సలక్షణమైన తద్భవం.

మరి ఒత్తు ఎక్కణ్ణించి వచ్చింది? మన భయం నుంచి. ఒత్తు లేకపోతే ఎక్కడ పల్లెటూరి మాట అయిపోతుందోనని, అనుమానం వచ్చిన చోటల్లా ఒకటి తగిలిస్తుంటాం. బాధను భాధ అనీ, బోధనను భోధన అనీ, బీభత్సాన్ని భీభత్సం అనీ రాసేది ఈ జబ్బుతోనే. బేతాళుడి విషయంలో ఇంకో కారణం కూడా కలిసిందనుకుంటాను. భయం, భీతి, భూతం, భైరవుడు... దడ పుట్టించే మాటలన్నీ భ తోనే మొదలవుతాయి. ‘భూత బేతాళాలు’ అని జంటగా అంటున్నప్పుడు మొదటిదాని ఒత్తు రెండోదానికి అంటుకోవడం కష్టం కాదు. ఒక పని చేయండి. మీవాడి పెదాల ముందు పల్చటి కాగితం ముక్క పట్టుకుని, చూడకుండా ఆ పేరు చెప్పమనండి. కాగితం పెద్దగా ఊగదు. చేత్తో భే అని రాసేవాళ్ళలో కూడా చాలామంది నోటితో అనేది బే.

ఇక పుట్టుపూర్వోత్తరాలు. బేతాళ కథలకు మనకు దొరుకుతున్న పాత రూపాల్లో ముఖ్యమైనది 11వ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన సోమదేవుడు రాణి సూర్యవతి కోసం చెప్పిన కథాసరిత్సాగరంలో ఉంది. అదే కాలపు క్షేమేంద్రుడి బృహత్కథామంజరిలోనూ ఈ కథలున్నాయి. వేతాల పంచవింశతి, అంటే వేతాళుడి పాతిక కథలు, అనే పేరుతో శివదాసు, జంభలదత్తుడు విడిగా కూర్చారు. సోమదేవుడి కథలో రాజు విక్రమార్కుడు కాడు, త్రివిక్రమసేనుడు. ఉజ్జయిని కూడా కాదు, ఆయన ఊరు గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానం, అంటే ఇప్పటి పైఠణ్, శాతవాహనుల పాత రాజధాని. మన నదే!

క్షాంతిశీలుడనే భిక్షువు ఆ రాజుకు రోజూ ఒక పండు తెచ్చిస్తుంటాడు. రాజు దాన్ని కోశాధికారి చేతిలో పెట్టేస్తుంటాడు. పదేళ్ళు ఇలాగే గడిచాక, ఒకనాడు ఒక కోతి పండు కొరికితే అందులోంచి రత్నం పడుతుంది. అప్పుడు బయటపడుతుంది భిక్షువు కోరిక: చీకటి చతుర్దశి రాత్రి శ్మశానానికి రావాలి, శింశుపా వృక్షానికి వేలాడుతున్న శవాన్ని తెచ్చిపెట్టాలి. శింశుపను మనవాళ్ళు ఇరుగుడు అన్నారు. తెలుగులో కథ చదివిన పిల్లలకు అది ఉత్త ‘చెట్టు’, అంతే. మా ఊళ్ళో మేమంతా దాన్ని శ్మశానం దారిలోని చింతచెట్టే అనుకునేవాళ్ళం. సాయంత్రమైతే అటు వెళ్ళడానికి టెన్షన్.

శవంలోని వేతాళుడు దారిలో కథ చెప్పి ప్రశ్న అడుగుతాడు, రాజు నోరు విప్పి జవాబు చెప్పగానే మళ్ళీ చెట్టెక్కేస్తాడు. రాజుకు జవాబు చెప్పడం చేతకాని ప్రశ్న ఒకే ఒక్కటి. ఆ కథలో ఒక తండ్రీకొడుకులకు దారిలో ఇద్దరు ఆడవాళ్ళ పాదముద్రలు కనబడతాయి, ఒకరివి పెద్దవి, ఒకరివి చిన్నవి. పెద్ద పాదాలావిణ్ణి తండ్రి, చిన్న పాదాలావిణ్ణి కొడుకు చేసుకోవాలని ముందే మాట అనుకుంటారు. తీరా చూస్తే చిన్న పాదాలు తల్లివి, పెద్దవి కూతురివి! మాట ప్రకారం తండ్రి కూతుర్ని, కొడుకు తల్లిని పెళ్ళాడతారు. వాళ్ళకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? అత్త, పిన్ని, మేనత్త, తోడికోడలు, వియ్యపురాలు అని ప్రతి చుట్టానికీ విడిగా పేరు పెట్టుకున్న మనకు కూడా ఇక్కడ నోరు పెగలదు. రాజు మౌనంగా నడుస్తాడు. ఆ మౌనానికి మెచ్చిన వేతాళుడు భిక్షువు కుట్రను బయటపెడతాడు.

తరవాతి కూర్పుల్లో త్రివిక్రముడి స్థానంలోకి విక్రమాదిత్యుడు వచ్చాడు. ఆదిత్యుడన్నా అర్కుడన్నా సూర్యుడే కాబట్టి మనకాయన విక్రమార్కుడు. 15వ శతాబ్దంలోనే జక్కన విక్రమార్క చరిత్ర, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక రాశారు గనక ఆ పేరు తెలుగువాళ్ళకు కొత్త కాదు. బెంగాలీలో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ బేతాళ కథల్ని 1847లో అచ్చువేశారు. సరిగ్గా నూరేళ్ళకు, 1947 జూలైలో, మద్రాసులో చందమామ మొదలైంది.

ఇవాళ మనకు తెలిసిన బేతాళుడు పూర్తిగా చందమామ బిడ్డ. పాత కథలు పాతికే కదా, నెలకొకటి చొప్పున వేస్తే రెండేళ్ళలో అయిపోతాయి. అవి అయిపోయినా శీర్షిక ఆగలేదు. కొడవటిగంటి కుటుంబరావుగారు పత్రిక నడిపిన కాలంలో, ఆ తరవాతా, మొదలూ చివరా అలాగే ఉంచి మధ్యలో కొత్త కథ పెట్టారు. అందుకే చివర ‘కల్పితం’ అని చిన్న అక్షరాల్లో ఉండేది. చిన్నప్పుడు ఆ మాటకు అర్థం తెలియక రచయిత పేరనుకున్నాను! చేత కత్తి, భుజాన శవంతో నడిచే రాజు బొమ్మ శంకర్ గారిది. ‘పట్టువదలని విక్రమార్కుడు’ జాతీయంగా స్థిరపడిపోవడం కూడా ఈ పత్రిక చలవే. సివిల్స్ ఐదోసారి రాసేవాడికీ ఆ బిరుదే, ఓడినా మళ్ళీ నామినేషన్ వేసేవాడికీ ఆ బిరుదే. హిందీవాళ్ళు మాత్రం రాజును వదిలి భూతాన్ని పట్టుకున్నారు. పని మళ్ళీ మొదటికొస్తే ‘బేతాళుడు మళ్ళీ కొమ్మెక్కాడు’ అంటారు.

మీవాడి నోట్‌బుక్కు గురించి ఇంకొక్క మాట. ‘విక్రమార్కుడు బేతాళుణ్ణి భుజాన వేసుకుని’ అని రాసి ఉంటే, ఒత్తు కన్నా ముందు అది దిద్దాలి. రాజు మోసేది శవాన్ని. బేతాళుడు అందులో ఉంటాడు, అంతే.