పాముపొడ: గీత చూసి పురుగును పట్టడం

ప్రశ్న: మా మిద్దెతోటలో టమాటా ఆకుల మీద, కుండీలోని నిమ్మ చిగుళ్ల మీద తెల్లటి వంకర గీతలు పడుతున్నాయి. నర్సరీలో అడిగితే రెండూ పాముపొడేనని ఒకే మందు ఇచ్చారు. నిజంగా ఒకటేనా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: పేరొకటే గానీ పురుగులు వేరమ్మా. టమాటా మీద గీత ఈగ పిల్లది. నిమ్మ మీదది చిన్న రెక్కల పురుగుది, అంటే సీతాకోకచిలుకల కోవకు చెందినది. మందు మూత తీయకముందే రెండింటి నుంచీ ఒక్కో ఆకు తెంపి ఎండకు ఎదురుగా పట్టి చూడండి. గీత లోపల నల్లగా కనిపించేది పురుగు పెంట. దాన్నిబట్టే తెలిసిపోతుంది.

నిమ్మాకులో అది గీత నడుమ తెగకుండా సన్నగా సాగుతుంది, పైపొర వెండిలా మెరుస్తుంది. టమాటాలో చుక్కలు చుక్కలుగా, కాసేపు ఈ అంచున, కాసేపు ఆ అంచున పడుతుంది. ఈగ పిల్లకు కాళ్లుండవు. ఒక పక్కకు పడుకుని, నోటి దగ్గరి నల్లటి కొక్కేలతో ఆకు లోపలి పచ్చదనాన్ని గీక్కుంటూ పోతుంది. మధ్యమధ్య పక్క మారుతుంది, దాంతో పెంట పడే అంచూ మారుతుంది. భూతద్దంలో ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

గీతల చుట్టూ సూదితో పొడిచినట్టు తెల్లటి చుక్కలుంటే ఈగేనని ఖాయం చేసుకోవచ్చు. ఆడ ఈగ గుడ్లు పెట్టే గొట్టంతో ఆకును పొడిచి, ఊరిన రసం తాగుతుంది. మగదానికి ఆ గొట్టం లేదు, ఆడది చేసిన రంధ్రాల్లోనే తాగాలి. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ ఈగ మన దగ్గర 1990ల మొదట్లో హైదరాబాద్‌లో ఆముదం మీద బయటపడింది.

టమాటాలో గీతకు బదులు వెడల్పాటి మచ్చలుండి, కాయలకూ రంధ్రాలు పడితే మాత్రం అది 2014లో మన దేశంలో కనిపించిన టూటా కావచ్చు. అదీ రెక్కల పురుగే.

ఇక మందు సంగతి. టమాటా ఆకులో గీత వెడల్పైన కొసన చిన్న చీలిక ఉండి లోపల ఖాళీగా ఉంటే, పిల్ల ఎప్పుడో మట్టిలోకి దిగిపోయింది. ఆ ఆకుకు మందు కొట్టడం దండగ. లోపల పురుగు నల్లబడి చచ్చి ఉంటే కంటికి ఆనని కందిరీగలు మీ పని చేసిపెడుతున్నట్టే, విషం చల్లితే అవీ పోతాయి. టమాటాకు గీతలు పడ్డ అడుగు ఆకులు తుంచి కవర్లో మూటకట్టి పారేయండి, చాలు. నిమ్మకు చిగురు లేతగా ఉన్నప్పుడే వేపనూనె కొట్టండి. ముదిరిన ఆకుల జోలికి ఆ పురుగు రాదు.